గీత దాటిన సీసా

రాళ్లు తిన్నా అరిగించుకోగలనని డ్రైవింగ్ మాస్టారికి గట్టి నమ్మకం. నమ్మకంతో ఊరుకుంటే బాగుండేది. తన పొట్ట పక్కన భార్య పొట్టని కూడా నిలబెట్టి, రెండింటినీ పోల్చి, కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరికీ వినిపించేవారు.

"మా ఆవిడ పొట్ట ఉంది చూశారూ, కొత్తవాడి కాలి కింద క్లచ్చులాంటిది. ఎప్పుడు మూలుగుతుందో దానికే తెలీదు. డాక్టర్లంతా చూసి ఏమీ లేదన్నారు. ఇక కొత్త ఇంజను పెట్టించడమే తరువాయి!"

నేర్చుకునేవాళ్లు నవ్వేవాళ్లు. బ్రేకు పక్కవాడి కాలి కింద ఉన్నప్పుడు వాడి జోకుకి నవ్వకపోవడం క్షేమం కాదు మరి.

అలాంటి మాస్టారు ఒక ఉదయం పరగడుపున, ఆసుపత్రి రెండో అంతస్తులో, ప్లాస్టిక్ కుర్చీలో భార్య పక్కన కూర్చుని ఉన్నారు. ఇద్దరి ఒళ్లోనూ మూతలున్న పెద్ద సీసాలు. ఆ గదిలో అలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. అందరూ ఆకలి మీదున్నారు, అందరూ ఒకరి సీసా వంక ఒకరు చూడనట్టు నటిస్తున్నారు.

ఇదంతా ఒక కోటు వల్ల వచ్చింది. బజారు మలుపులో మాస్టారి భార్యకి టైలరు షాపుంది. అక్కడికి తెల్లకోటు భుజాలు సరిచేయించుకోవడానికి వచ్చిన ఒక కుర్ర డాక్టరమ్మ మాటల్లో చెప్పింది. పేగు గోడ ఎంత కారుతోందో కొలవడానికి తను కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టిందట. అది పాత పద్ధతితో సరిపోతుందో లేదో తేల్చాలి. అందుకు జంటలు కావాలి: ఒకే వంట తినేవాళ్లు, ఒకరికి కడుపు బాధ ఉన్నవాళ్లు, ఇంకొకరికి లేనివాళ్లు. భార్య వెంటనే సరేనంది. భార్యకి ఏమీ లేదని మరోసారి తేలుతుందంటే మాస్టారు మాత్రం ఎందుకు కాదంటారు?

"పేగు గోడ జల్లెడలాంటిదండీ," అంది డాక్టరమ్మ, తీపి నీళ్ల గ్లాసులు అందిస్తూ. "ఇందులో రెండు రకాల చక్కెరలున్నాయి. చిన్నది జల్లెడ దాటుతుంది. పెద్దది దాటకూడదు. దాటిందంటే మూత్రంలో కనిపిస్తుంది. అందుకని సాయంత్రం దాకా మొత్తం ఈ సీసాలోకే పట్టాలి. ఇది పాత పద్ధతి. వచ్చే వారం నా పద్ధతి."

"అంటే ట్యాంకు లీకు పరీక్ష," అన్నారు మాస్టారు.

"అంతే మాస్టారూ. మీకు తొందరగా అర్థమైంది."

"మా ఆవిడకి అర్థమైందో లేదో. ఆవిడది మనసు లీకు."

సిస్టర్ వచ్చి సీసాల మీద నల్ల గీత చూపించింది. "సాయంత్రానికి ఈ గీత దాటాలి. దాటకపోతే పరీక్ష చెల్లదు, మళ్లీ ఇంకోరోజు మొదట్నించీ రావాలి. అందరూ నీళ్లు బాగా తాగండి."

మాస్టారి సీసా మధ్యాహ్నానికే గీత దాటి మెడ దాకా వచ్చింది. ఆయన దాన్ని కప్పు గెలిచినవాడిలా ఎత్తి పట్టుకుని వచ్చి కూర్చున్నారు. భార్య సంగతి వేరు. బాత్‌రూము తలుపు సరిగ్గా కుర్చీల ఎదురుగా ఉంది. అది పూర్తిగా మూసుకోదు. లోపలికి ఎవరు వెళ్లారో, ఎంతసేపున్నారో గదంతా చూస్తుంది, ఇంకాస్త చెవి పెడితే వింటుంది కూడా. ఆవిడ వెళ్లడం, కుళాయి తిప్పడం, తల వంచుకుని బయటికి రావడం, ఇదే పని.

"అయిందా?"

"ఊఁ," అందావిడ. అది కానప్పుడు అనే ఊఁ అని మాస్టారికి తెలుసు.

సాయంత్రం సీసాలు లోపలి బల్ల మీద పెట్టమన్నారు. "ఇటివ్వు, రెండూ నేను పెట్టొస్తా," అని మాస్టారు ఆవిడ చేతిలోంచి అందుకున్నారు. బల్ల దగ్గర ఎవరూ లేరు. భార్య సీసా చూశారు. గీత ఎక్కడో, ఆవిడ ఎక్కడో. అంటే మళ్లీ రావాలి. మళ్లీ షాపు మూయాలి. ఎదురింటి పెళ్లికూతురి బట్టలు మూడొంతులు కుట్టి ఉన్నాయి. పాపం అనిపించింది. తన సీసాలో చూస్తే కావలసినంత ఉంది. ఉన్నవాడు లేనివాడికి ఇవ్వడంలో తప్పేముంది? మాస్టారు మూతలు తిప్పి, గీత దాటేదాకా పోశారు. చెయ్యి కాస్త పెద్దదేమో, గీత కన్నా పైకే పోశారు.

"టైలరమ్మ గారిది కూడా దాటింది, భేష్," అంది సిస్టర్ కాసేపటికి.

"దాటిందా?" అని భార్య ఆశ్చర్యపోయింది.

"సూది బెజ్జం కనిపిస్తుంది గానీ నీకు గీత కనిపించదు. పద, ఆకలి దంచేస్తోంది," అన్నారు మాస్టారు. ఇంటికి వెళ్లేదాకా ఆయనకి తన మంచితనం మీద తనకే ముచ్చటగా ఉంది.

*

రెండో పరీక్ష రోజు భార్య పండగ చేసుకుంది. సీసా లేదు, తలుపు లేదు. చిక్కటి పసుపుపచ్చ మందు ఒక గ్లాసుడు తాగి, వేలికి ఒక క్లిప్పు తగిలించుకుని కూర్చోవడమే. పేగు గోడ దాటి రక్తంలోకి ఎంత రంగు వస్తే, క్లిప్పులోని వెలుతురు అంత పసిగడుతుంది. పక్కనున్న తెర మీద ఒక గీత నెమ్మదిగా పైకి పాకుతుంది. కారేవాళ్ల గీత ఎక్కువ పైకి, కారనివాళ్ల గీత తక్కువ పైకి.

"ఇంతేనా?" అందావిడ. "ఈ మాత్రానికి అంతమందిని సీసాలు పట్టుకుని కూర్చోబెట్టారా?"

"అందుకే కదా ఆంటీ, నేనిది కనిపెట్టాను," అంది డాక్టరమ్మ. గదిలో అందరూ అప్పటికే ఆమెకి క్లిప్పు డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు. "రోజంతా పని మానుకుని కూర్చోలేనివాళ్లు ఎంతమందో. వేలు చాపి, పని చూసుకుని, వెళ్లిపోవచ్చు."

క్లిప్పు ఎడమ చూపుడువేలికి పెట్టారు. ఆ వేలు ఎప్పుడూ బట్ట కింద ఉంటుంది, పైనుంచి దిగే సూదిని అదే ముందు పలకరిస్తుంది. కొస గట్టిపడి, చిన్న చిన్న చుక్కలతో ఉంది. ఆవిడ కుడిచేత్తో జాకెట్టు హుక్కులు కుట్టుకుంటూ, డాక్టరమ్మ పెళ్లి సంగతి కూపీ లాగుతూ, హాయిగా కూర్చుంది. మాస్టారి గీత కాస్త పాకి బద్ధకంగా పడుకుంది. ఆవిడ గీత ఆగలేదు. డాక్టరమ్మ తెర వంక చూసింది, ఆవిడ వంక చూసింది, మళ్లీ తెర వంక చూసింది.

"ఇంకాసేపు కూర్చుంటారా ఆంటీ?"

"కూర్చుంటానమ్మా. ఇంకా చేతులకి అంచు కుట్టాలి."

*

ఫలితాలు చెప్పడానికి పెద్ద డాక్టరు గారు పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. అందరినీ కూర్చోమన్నారు, టీ తెప్పించారు.

"పాత పద్ధతిలో మీ ఇద్దరికీ ఏమీ లేదు. శుభం. కొత్త పద్ధతిలో మాస్టారికి ఏమీ లేదు, అమ్మగారికి మాత్రం బాగా కారుతున్నట్టు వచ్చింది. మిగతా జంటలన్నిటికీ రెండూ సరిపోయాయి. తేడా వచ్చింది మీ ఒక్క జంట దగ్గరే. కొత్త తక్కెడని పాత తక్కెడతోనే కదా సరిచూస్తాం? కాబట్టి తప్పు క్లిప్పుదే."

"చూశావా?" అన్నారు మాస్టారు భార్యతో. అని, టీ గుటక వేశారు. ఆ గుటక సగంలో ఆయనకి బల్ల, మూతలు, పోసిన ధార గుర్తొచ్చాయి. టీ అడ్డదారిన పోయి దగ్గొచ్చింది.

పెద్ద డాక్టరు ఆవిడ చెయ్యి అడిగి, వెనక్కి తిప్పి, చూపుడువేలు దీపం కింద పెట్టారు. "ఇదిగో కారణం. మొద్దుబారిన చర్మం. వెలుతురు సరిగ్గా పోదు."

"చర్మం మందంగా ఉంటే రంగు తక్కువ కనిపించాలి సార్, ఎక్కువ ఎందుకు కనిపిస్తుంది?" అంది క్లిప్పు డాక్టరమ్మ.

"తక్కువో ఎక్కువో, తప్పు తప్పే కదమ్మా. ఎల్లుండి నివేదిక పంపాలి. చేతిపని చేసేవాళ్లకి ఈ పరీక్ష పనికిరాదని రాసెయ్."

"సార్, నేను ఇది చేసిందే వాళ్ల కోసం."

"ఏం చేస్తాం? మెత్తటి వేళ్లవాళ్లకైనా పనికొస్తుంది, సంతోషించు."

డాక్టరమ్మ తల దించుకుంది. భార్య తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, చేతిసంచి కింద దాచింది. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి బయటికి రాలేదు.

సాయంత్రం మాస్టారు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, ఆవిడ సింకు దగ్గర నిలబడి, మడమలు రుద్దుకునే రాయితో చూపుడువేలు రుద్దుకుంటోంది. వేలు ఎర్రగా కమిలిపోయింది.

"ఏం చేస్తున్నావే?"

"ఏం లేదండీ. ఈ తోలు కాస్త అరిగితే, ఇంకోసారి పెట్టి చూడమని అడుగుదామని. నా వేలి మూలంగా ఆ పిల్ల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైపోయింది."

మాస్టారు నోరు తెరిచారు. ఆవిడ కడుపు మీద ఆయనకి జోకు దొరకని రోజంటూ లేదు. ఆ వేలి మీద మాత్రం ఒక్కటీ దొరకలేదు. ఒంటి మీదున్న చొక్కా ఆ వేలు పట్టుకుని కుట్టిందే. మాస్టారికి సిగ్గేసింది. ఆవిడ చేతిలోంచి రాయి తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టి, మంచినీళ్లు తాగకుండానే బయటికి వచ్చేశారు.

*

మర్నాడు పొద్దున్న కారు నేర్చుకోవడానికి వచ్చింది రిటైరైన లెక్కల టీచరమ్మ. పేవ్‌మెంటు ఎక్కించినా మాస్టారు పలకలేదు. కూరగాయల బండిని ముద్దుపెట్టుకోబోయినా పలకలేదు. ఆవిడకి భయమేసింది.

"మాస్టారూ, ఇప్పుడెటు?"

"ఎడమకి తిప్పి, తిన్నగా ఆసుపత్రికి పోనివ్వండి."

"అయ్యో! నేనేం తప్పు చేశాను?"

"మీరు కాదమ్మా, నేను చేశాను."

క్లిప్పు డాక్టరమ్మ మెట్ల దగ్గరే కనిపించింది. కళ్ల కింద నీడలు. మాస్టారు సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేశారు. ఆమెకి మొదట అర్థం కాలేదు.

"మీ సీసాలోంచి... ఆంటీ సీసాలోకా?"

"గీత దాకా. కాస్త పైకే."

ఆమె మెట్టు మీద కూలబడి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వాగింది. "ఫలితం వచ్చినప్పట్నించీ నా క్లిప్పులో తప్పు వెతుకుతున్నాను మాస్టారూ. దొరకలేదు. రాత్రి ఇంకేం తోచక, పాత లెక్కకి సరిపోయేలా దాన్నే మార్చేద్దామని కూర్చున్నాను. ఇంకో రోజు ఆలస్యమైతే మార్చేసేదాన్ని. అప్పుడది నిజంగానే తప్పు చెప్పేది."

"తప్పైపోయిందమ్మా," అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన నోట్లోంచి అంత పొట్టిగా, వెనక జోకు లేకుండా రావడం అదే మొదలు.

పెద్ద డాక్టరు బాత్‌రూము తలుపుతో సహా అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "సీసా పారబోసుకున్నవాళ్లని చూశాను. కుళాయి నీళ్లు కలిపినవాళ్లని చూశాను. దానం చేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా." తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగారు. "నివేదిక ఆపు. ఇద్దరికీ మళ్లీ రెండు పరీక్షలూ చెయ్యి. ఆ బాత్‌రూము తలుపు సంగతి నాకెవరూ ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడకి మీరే చెప్పండి డాక్టరమ్మా," అన్నారు మాస్టారు గుమ్మం దగ్గర, గొంతు తగ్గించి.

"పోసింది మీరు కదా మాస్టారూ," అంది డాక్టరమ్మ.

టైలరు షాపులో భార్య ఎవరిదో లంగా అంచు మడుస్తోంది. పెదాల మధ్య గుండుసూదులు. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదని మాస్టారికి తోచింది. నోట్లో సూదులుండగా ఎవరూ తిట్టలేరు. గబగబా చెప్పేశారు. ఆవిడ వింది. విని, సూదులు ఒక్కొక్కటే తీసి చిన్న దూది మెత్త మీద గుచ్చింది. ఎప్పుడూ లేనిది, అన్నీ ఒకే వరసలో గుచ్చింది.

"ఇన్నాళ్లూ నా నొప్పి నాది కాదన్నారు. తీరా పరీక్షకెళ్తే మీది తెచ్చి నాదన్నారు."

"గీత దాటకపోతే మళ్లీ రావాలి, నీ పని పాడవుతుందనీ..."

"నన్నడిగితే మళ్లీ వచ్చేదాన్ని."

ఆవిడ కమిలిన వేలు బొటనవేలితో నిమురుకుంది. ఉన్నట్టుండి తలెత్తింది.

"అయితే క్లిప్పు చెప్పింది నిజమేనా?"

"అయ్యుండచ్చు."

"అంటే నాకు నిజంగానే ఉందా?"

"పరీక్ష మళ్లీ చేస్తే గానీ..."

ఆవిడ వినడం లేదు. ముఖం విప్పారింది. జబ్బుందంటే ఇంత సంబరపడే మనిషిని మాస్టారు ఎక్కడా చూడలేదు. అది జబ్బుకి వచ్చిన సంబరం కాదని, తను అబద్ధాలకోరు కాదని తేలినందుకు వచ్చిందని ఆయనకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అర్థమయ్యాక అక్కడ నిలబడలేకపోయారు. "నేనే షాపు చూసుకుంటాలే, నువ్వు కాస్త పడుకో," అన్నారు. ఆయనకి గుండీ కూడా కుట్టడం రాదు.

*

ఈసారి డాక్టరమ్మ పై అంతస్తులో తను వాడుకునే బాత్‌రూము తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టింది. సిస్టర్ మాస్టారి కుర్చీని గదికి ఆ చివర వేసి, "మీరు ఇక్కణ్ణించి కదిలితే నా మీద ఒట్టే," అంది. తలుపు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి చేసే చప్పుడు వింటూ ఆయన పరగడుపున బుద్ధిగా కూర్చున్నారు. సాయంత్రం భార్య తన సీసాని రెండు చేతులా పట్టుకుని, మెట్లు దిగి, గది మధ్యలోంచి, ఎవరు చూస్తే ఏమన్నట్టు నడిచి వెళ్లి బల్ల మీద పెట్టింది. గీత మీద రెండు వేళ్లు ఎక్కువే ఉంది.

ఫలితాలు వచ్చిన రోజు పెద్ద డాక్టరు గారు మాటలు నమల్లేదు. "రెండు పద్ధతులూ ఒకే మాట చెప్పాయి. అమ్మగారి పేగు కారుతోంది. క్లిప్పుది తప్పు లేదు, వేలిది తప్పు లేదు. తప్పు నాది కూడా ఉంది. దీపం కింద పెట్టి చూసింది వేలిని, చూడాల్సింది సీసాని." చేతిపనివాళ్ల గురించి రాయించిన వాక్యాన్ని ఆయనే కొట్టేశారు. క్లిప్పు డాక్టరమ్మ నవ్వు ఆపుకోవాలని కిటికీ వైపు తిరిగింది. వెనకనుంచి చూసినా నవ్వుతోందని తెలుస్తూనే ఉంది. కొత్తగా సరిచేసిన కోటు భుజాలు ఊగుతున్నాయి.

"మీ నొప్పికంతటికీ ఇదే కారణమని ఇప్పుడే చెప్పలేనమ్మా," అన్నారు పెద్ద డాక్టరు. "కానీ వెతకాల్సిన చోటు దొరికింది. ఇప్పుడు చెప్పండి. ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"తిన్న కాసేపటికి," అన్నారు మాస్టారు అలవాటుగా.

"మిమ్మల్ని కాదండీ."

ఆవిడ కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది. "తిన్నాక వస్తుంది, నిజమే. కానీ అది ఓర్చుకోవచ్చు డాక్టరు గారూ. మిషను తొక్కేటప్పుడు వంగితే వస్తుంది. అదీ ఓర్చుకుంటాను. అన్నిటికన్నా నవ్వినప్పుడు ఎక్కువ. పక్కటెముకల కింద మెలిపెట్టినట్టుంటుంది." కాస్త ఆగి, "మా ఇంట్లో నవ్వకుండా ఉండటం కుదరదు కదండీ," అంది, ఎవరినీ తప్పు పట్టనట్టు.

పెద్ద డాక్టరు రాసుకున్నారు. మాస్టారు తన మోకాళ్ల వంక చూసుకున్నారు.

తిరుగుదారిలో ఆయన బండి నడుపుతూ ఒక్క ముక్క మాట్లాడలేదు. సిగ్నలు దగ్గర ఒక పెద్దమనిషి గొడుగు తిరగబడి దానితో కుస్తీ పడుతున్నాడు. మామూలుగా అయితే అది అరగంట సరుకు. మాస్టారు చూసి, మింగేశారు. ముందు కారువాడు కుడివైపు సిగ్నలు వేసి ఎడమకి తిరిగాడు. అదీ మింగేశారు.

భార్య ఓపిక పట్టింది, పట్టింది. "ఏమండీ, ఏదో ఒకటి అనండి. నొప్పైనా నయం, ఇది భరించలేకుండా ఉన్నాను."

"ఏమనమంటావే? నోరు తెరిస్తే నీకు నొప్పి. మూస్తే నాకు కడుపుబ్బరం. ఈ లెక్కన రేపు క్లిప్పు నాకు పెట్టాల్సొస్తుంది."

ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ముందుకి వంగింది. చెయ్యి పక్కటెముకల కిందకి వెళ్లింది. ఆ చేతిని మాస్టారు ఎన్నివేలసార్లు చూశారో. ఆవిడ నవ్వే తీరే అంతనుకున్నారు ఇన్నేళ్లూ.

బండి పక్కకి తీసి ఆపారు. ఇంజను కట్టేశారు.

"తగ్గిందా?"

"ఇంకా తగ్గలేదు," అంది ఆవిడ, కళ్లు మూసుకుని, ముఖంలో ఇంకా నవ్వు పోకుండానే.

వెనక ఎవడో గట్టిగా హారన్ కొట్టాడు. మాస్టారు బండి కదపలేదు.